వెనక గదిలో పళ్ళాసుపత్రి

ఆ ఇంటి గుమ్మంలో రోజూ పొద్దున్నే ఇద్దరు మనుషులు గుద్దుకుంటారు. బేకరీలో రొట్టెలు కాల్చి వచ్చే అల్లుడు లోపలికి వస్తుంటాడు. బస్సు కండక్టరుగా డ్యూటీ ఎక్కాల్సిన కూతురు బయటికి పరిగెడుతుంటుంది. అతని చొక్కా మీది పిండి ఆమె యూనిఫాంకి అంటుకుంటుంది, ఆమె కసురుకుంటుంది, అతను ఉఫ్ఫుమని ఊదుతాడు. వీళ్ళ కాపురమంతా ఆ గుమ్మంలోనే గడిచిపోతోందని అమ్మమ్మ అంటూ ఉంటుంది. అనడమేమిటి, అరుస్తుంది. మెల్లగా మాట్లాడే అలవాటు ఆవిడకి నేత మిల్లులో చేరిన రోజే పోయింది.

మిల్లులో అన్ని మగ్గాలు ఒక్కసారి మోగుతుంటే నోటితో పని జరగదు. అక్కడి ఆడవాళ్ళు చేతులతో, కనుబొమలతో మాట్లాడుకునేవారు. దారం తెగిందన్నా, సూపర్‌వైజరు వస్తున్నాడన్నా, వాడి మీసం వంకరగా ఉందన్నా అన్నీ సైగలే. మిల్లు వదిలేశాక ఆ సైగలు అమ్మమ్మ వేళ్ళలో ఉండిపోయాయి, చెవులు మాత్రం అక్కడే ఉండిపోయాయి. ఈ సంగతి వీధి వీధంతటికీ తెలుసు, ఒక్క అమ్మమ్మకి తప్ప. "నాకు వినబడకపోవడమేంటి? మాట నోట్లోనే నమిలి మింగేసే రోగం మీకు పట్టుకుంది" అనేది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి సగం, ముఖం చూసి సగం పట్టేసేది. ముఖానికి మాస్కు కట్టుకున్నవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళు మంట.

మనవరాలితో ఆ పేచీ లేదు. ఆ పిల్లకి అసలు పేరు వేరే ఉంది కానీ, సంతోషం వస్తే నిలుచున్న చోటే గిరగిరా తిరుగుతుందని అందరూ బొంగరం అనే పిలుస్తారు. బడిలో వేసే ఈడు వచ్చింది. ఆటిజం అని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. మాటలు తక్కువ. ఉన్న మాటల్లో ఎక్కువ భాగం వాళ్ళమ్మ బస్సు ఆగే స్టాపుల పేర్లే. అవి ఎటునుంచి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. మిగతాదంతా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మిల్లు సైగలతో సాగిపోతుంది. ఆకలీ నిద్రా పేచీ, అన్నీ వేళ్ళ మీదే. చప్పుళ్ళంటే మాత్రం చచ్చేంత భయం. పక్కింట్లో గోడకి మేకు కొట్టినా చెవులు మూసుకుని మంచం కిందకి దూరిపోతుంది. ఒకసారి దూరితే మళ్ళీ ఎప్పుడు బయటికి వస్తుందో చెప్పలేం.

ఇక వెనక గది సంగతి. అమ్మమ్మ ఎక్కడైనా ఒక గదిలో పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా కూర్చుని వస్తే, తెల్లారేసరికి ఇంటి వెనక గది ఆ గదైపోయేది. ముందు గోడల రంగు మారేది, తర్వాత కిటికీ జరిగేది, ఆఖరికి కుర్చీలూ బల్లలూ వచ్చి చేరేవి. ఎదురింటి టైలరు కూతురికి బ్యాంకులో ఇంటర్వ్యూ వచ్చిందంటే అమ్మమ్మ మేనేజరు గదిలో కూర్చుని వచ్చింది. ఆ అమ్మాయి వెనక గదిలో ఆయన బల్ల ముందు గొంతు సవరించుకుని, సవరించుకుని, భయం పోగొట్టుకుని ఉద్యోగం తెచ్చుకుంది. ఇంకోసారి, పోయిన సంచీ కోసం అమ్మమ్మ పోలీస్ స్టేషన్లో రోజంతా పడిగాపులు పడాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో లాకప్పు ఉండేది. అల్లుడు అందులో ఉల్లిపాయలు పోసుకున్నాడు.

ఆ గదిలో కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉంటుందని వచ్చినవాళ్ళంతా అనేవారు. ఎందుకు హాయిగా ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు.

ఇలా ఉండగా బొంగరం రొట్టె కొరకడం మానేసింది. కరకరలాడే అంచు కోసం తండ్రి సంచీ లాక్కునే పిల్ల, అంచుని చెంపకి ఆనించుకుని కిందపెట్టేసేది. తర్వాత తన చెంప తనే కొట్టుకోవడం మొదలుపెట్టింది. నొప్పి అన్న మాట ఆ పిల్లకి రాదు. దవడ వాచాక గానీ పెద్దవాళ్ళకి అర్థం కాలేదు. లోపల పన్ను పుచ్చి చీము పట్టింది. పళ్ళాసుపత్రికి తీసుకెళితే మొదటిసారి గుమ్మం దగ్గరే తిరగబడింది. రెండోసారి కుర్చీ కాలు పట్టుకుని నేల మీద పడుకుంది. డాక్టరమ్మ మంచిదే, విసుక్కోలేదు.

"ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడూ కూర్చోకపోతే పెద్దాసుపత్రిలో మత్తిచ్చి తీయించాలి. కానీ అక్కడ వంతు రావాలంటే నెలలు పడుతుంది" అంది.

ఇంటికి వచ్చి కూతురు యూనిఫాం కూడా విప్పకుండా మంచం మీద కూలబడింది. "నెలలు! పిల్ల అప్పుడే సగమైపోయింది. పాలు తప్ప ఏం దిగట్లేదు దాని గొంతులోకి. అమ్మా, నువ్వెళ్ళి కూర్చోవాలి."

"అది నువ్వు చెప్పాలా? రేపే వెళ్తా" అంది అమ్మమ్మ. ఈ పని కాకపోతే తను పుట్టి దండగ అనిపించింది ఆవిడకి.

మర్నాడు అమ్మమ్మ నీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళి, డాక్టరమ్మ గదిలో ఓ మూల స్టూలు మీద కూర్చుంది. నర్సు వచ్చి ఏ పన్ను అని అడిగింది. "పన్ను కాదు, కూర్చోడానికి వచ్చా" అంది అమ్మమ్మ. నర్సు సరేనని ఫ్యాను ఆవిడ వైపు తిప్పి వెళ్ళిపోయింది. అమ్మమ్మ కళ్ళు డేగ కళ్ళు. వెనక్కి వాలే ఆకుపచ్చ కుర్చీ, పైన మూడు కళ్ళ దీపం, పళ్ళెంలో వంకర కొక్కేలు, ఉమ్మే గిన్నెలో సుడి తిరిగే నీళ్ళు, గోడ మీద నవ్వే పన్ను బొమ్మ, దాని వెనక సాలీడు గూడు. ఏదీ వదల్లేదు. వచ్చినవాళ్ళంతా నోరు తెరిచారు, మూశారు, బుగ్గ పట్టుకుని వెళ్ళారు. అమ్మమ్మకి అదంతా చాలా నెమ్మదైన వ్యవహారంగా కనిపించింది.

తెల్లారేసరికి వెనక గది పళ్ళాసుపత్రి అయి కూర్చుంది, సాలీడుతో సహా.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ ఇంట్లో గెలుపు అంగుళం అంగుళం జరిగింది. మొదట్లో బొంగరం గుమ్మం దగ్గర నిలబడి కుర్చీ వైపు ఓరగా చూసేది. ఎవరూ రమ్మనలేదు. రమ్మంటే రాదని వాళ్ళకి తెలుసు. అల్లుడే వెళ్ళి కుర్చీలో వాలి, నోరు తెరిచి నిద్రపోయాడు. పనిచేసి వచ్చిన మనిషి, నటించాల్సిన అవసరం లేకపోయింది. కొంతసేపటికి బొంగరం వచ్చి చిన్న అద్దం తీసి తండ్రి నోట్లో పెట్టి చూసింది. అంత చీకట్లో అన్ని పళ్ళు ఉండటం దానికి భలే నచ్చింది.

"నా పళ్ళు ఊడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం, నా కూతురే ఊడగొట్టనీ" అన్నాడు అతను, అద్దం నోట్లో ఉండగానే.

దారి చూపింది మాత్రం పిల్ల తల్లే. ఓ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, విజిలు మెళ్ళోనే వేసుకుని గదిలో నిలబడింది. "బండి కదుల్తోంది! మొదటి స్టాపు కుర్చీ. తర్వాత దీపం. తర్వాత అద్దం. తర్వాత చీమ. ఆ తర్వాత మిషను. తర్వాత పన్ను. ఆఖరి స్టాపు ఇల్లు!"

బొంగరం కళ్ళు మెరిశాయి. కొత్త బస్సు రూటు! మూడోసారి వినేసరికి కంఠతా వచ్చేసింది.

"చీమ అనొద్దులేవే, సూది అని తెలిస్తే భయపడుతుంది. అసలు చెప్పకపోతే పోలా?" అంది అమ్మమ్మ.

"లేని స్టాపు పేరు చెప్పకూడదు, ఉన్న స్టాపు దాటెయ్యకూడదు. అబద్ధం చెబితే అది మళ్ళీ నా బండి ఎక్కదమ్మా. చీమ కుడుతుంది, నొప్పిగా ఉంటుంది, పోతుంది. అంతా చెప్పేద్దాం" అంది కూతురు. తర్వాత పిల్ల ముంజేతిని గోటితో గిచ్చి చూపించింది. బొంగరం తల్లి చేతిని తిరిగి గిచ్చింది, ఇంకా గట్టిగా.

స్టాపులు ఒక్కొక్కటే దాటారు. కుర్చీ ఎక్కింది. పైకీ కిందకీ నడిపే బటను నొక్కుతూ ఓ పూటంతా దిగనంది. దీపానికి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది, ఒళ్ళో బరువైన దుప్పటి వేయించుకుంది. పన్ను అరగదీసే మిషను వంతు వచ్చినప్పుడు కూతురు దాన్ని తిప్పి పిల్ల గోరు మీద ఆనించింది. అది మెత్తగా, నిశ్శబ్దంగా గింగిరాలు తిరిగింది. బొంగరం కిలకిలా నవ్వింది.

కూతురికి ఏదో అనుమానం తగిలింది. "అమ్మా, ఈ మిషను అక్కడా ఇంతేనా? చప్పుడు చెయ్యదా?"

"చప్పుడా? పొద్దంతా కూర్చున్నా కదా, గాలి ఊదినంత కూడా లేదు."

"నిజంగా?"

"ఏం, నాకు చెవుడనుకుంటున్నావా?"

కూతురు మిషను ఆపి పక్కన పెట్టింది. ఈ మధ్య అన్నిటికీ కొత్త రకం మిషన్లు వస్తున్నాయి, ఇదీ అలాంటిదేనేమో అని సర్దిచెప్పుకుంది. తల్లి మనసు నొప్పించడం కన్నా అది తేలిక.

ఆసుపత్రికి వెళ్ళిన రోజు బొంగరం రాణిలా నడిచింది. గుమ్మం దాటింది. "కుర్చీ" అని ప్రకటించి ఎక్కేసింది. డాక్టరమ్మ నోరు తెరుచుకుపోయింది, ముందు తెరవాల్సింది పేషెంటు కదా! దీపం వెలిగింది, కళ్ళద్దాలు పెట్టుకుంది. అద్దం లోపలికి వెళ్ళింది. చీమ కుట్టింది. బొంగరం తల్లి చేతిని రక్కేసింది కానీ కదల్లేదు. మూల స్టూలు మీద కూర్చున్న అమ్మమ్మ ఛాతీ గర్వంతో పొంగిపోయింది. మనసులో అప్పుడే వీధి చివరిదాకా వెళ్ళి అందరికీ చెప్పి వచ్చింది.

"ఈ పన్ను రెండు ముక్కలు చేసి తీయాలి, ఒక్క నిమిషం" అంటూ డాక్టరమ్మ మిషను అందుకుని, కింద పెడల్ మీద కాలు వేసింది.

అమ్మమ్మకి కనిపించింది బొంగరం ముఖం ఒక్కటే. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మరుక్షణం దుప్పటి ఎగిరింది, పళ్ళెం ఎగిరింది. పిల్ల కుర్చీ మీంచి దూకి చేతులు కడుక్కునే సింకు కిందకి దూరి, రెండు చెవులూ మూసుకుని, నోరంతా తెరిచి అరుస్తోంది. అమ్మమ్మ అయోమయంగా చుట్టూ చూసింది. గదిలో ఏం మారిందో ఆవిడకి తెలియలేదు.

"ఏమైందే? చెప్పవేం?"

కూతురు ఆవిడ వైపు తిరిగింది. పెదాలు కనబడేలా చెప్పింది. "చప్పుడమ్మా. మిషను చప్పుడు."

"చాలా ఉందా?"

"నీ మిల్లంత ఉంది."

అమ్మమ్మ స్టూలు మీంచి లేవలేకపోయింది. ఇన్ని రోజుల శ్రమ, పిల్ల నమ్మకం, అన్నీ తన అహంకారం వల్ల బూడిదలో పోసిన పన్నీరైపోయాయి. కళ్ళకి కనబడిన సాలీడుని సైతం మోసుకొచ్చింది. చెవికి తగలని దాన్ని ఎలా తెస్తుంది? అడిగినప్పుడు ఒక్క మాట ఒప్పుకుని ఉంటే చాలు, అల్లుడినో ఎవరినో పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాకు వినబడదు. నాకు చెవుడు. తప్పంతా నాదే" అంది అందరి ముందూ. ఆ మాట ఆవిడ నోటి నుంచి రావడం అదే మొదలు. కూతురు వచ్చి తల్లి తలని పొట్టకి ఆనించుకుంది.

డాక్టరమ్మ మాస్కు దించింది. "ఇక పెద్దాసుపత్రే నయమనుకుంటా. కానీ ముందు పిల్లని కుదుటపడనివ్వండి. నాకేం తొందర లేదు, కూర్చోనివ్వండి."

బొంగరం కూర్చుంది. అరుపు ఆగాక కూడా అలాగే, మోకాళ్ళు ముడుచుకుని, వీపు గోడకి ఆనించి, చెవుల మీంచి చేతులు తీయకుండా కూర్చుంది. బయట ఉన్నవాళ్ళు రేపొస్తామని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కిటికీలోంచి పడిన ఎండ పన్ను బొమ్మ మీంచి గోడ మూలకి జరిగింది. బేకరీ నుంచి నేరుగా ఇక్కడికే వచ్చిన అల్లుడు గుమ్మానికి ఆనుకుని నిలబడే కునుకు తీశాడు.

ముందు అమ్మమ్మే గమనించింది. నర్సు చెయ్యి తగిలి స్టీలు గిన్నె నేల మీద పడింది, పడి దొర్లింది. గదిలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. అల్లుడికి మెలకువ రాలేదు. నర్సు గిన్నె వైపు చూసి, తన చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది. డాక్టరమ్మ పెడల్ తొక్కింది. మిషను గింగిరాలు తిరిగింది. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూసింది, మళ్ళీ తొక్కింది. కూతురు ఏదో అనబోయి, గొంతు పట్టుకుని ఆగిపోయింది.

సింకు కింద బొంగరం మెల్లగా చెవుల మీంచి చేతులు తీసింది.

అమ్మమ్మకి అర్థమైంది. తను కూర్చుంటే, చూసిన గది ఇంటికి వస్తుంది. ఈ పిల్ల కూర్చుంటే, కూర్చున్న గదే దీనికి కావలసినట్టు మారిపోయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా! గదిలో చప్పుడన్నది మిగల్లేదు, మనిషి మాటతో సహా. డాక్టరమ్మ భుజాలు ఎగరేసి, చేతులు కడుక్కుని, మాస్కు పైకి లాక్కుంది. వీలు దొరికినప్పుడు పని కానిచ్చే మనిషి ఆవిడ.

బొంగరం తనంతట తనే వచ్చి కుర్చీ ఎక్కి, దవడ నొక్కి చూడనిచ్చింది, చీమ మత్తు ఇంకా దిగలేదు. తల్లి వైపు చూసింది. తర్వాతి స్టాపు ఏంటని ఆ చూపు. కూతురు చెప్పింది, అరిచి చెప్పింది, విజిలు కూడా ఊదింది. గాలి తప్ప ఏం రాలేదు. పిల్ల కనుబొమలు ముడుచుకున్నాయి. పేరు చెప్పని స్టాపులో ఆ పిల్ల బండి కదలనివ్వదు.

అప్పుడు లేచింది అమ్మమ్మ. మిగతావాళ్ళందరికీ కాళ్ళ కింద నేల కదిలినట్టుంది కానీ, ఆవిడకి ఇది పుట్టిల్లు. కుర్చీ కాళ్ళ వైపు వెళ్ళి, పిల్లకి ఎదురుగా నిలబడి, చీర కొంగు బిగించి రెండు చేతులూ పైకెత్తింది. చూపుడు వేలు గిర్రున తిప్పింది: మిషను. మగ్గం మీద నూలు చక్కగా ఆడుతోందని చెప్పే సైగ: బాగుంది, ఇలాగే ఉండు. అరచెయ్యి కిందకి నొక్కింది: కదలకు, కాస్త ఆగు. బొంగరం చూపు ఆ చేతులకి అతుక్కుపోయింది. డాక్టరమ్మ మోచెయ్యి కదిలింది. అమ్మమ్మ రెండు పిడికిళ్ళు కలిపి ఒక్కసారి విడదీసింది: తెగింది. మళ్ళీ విడదీసింది: ఇంకొక్క పోగు. ఆవిడ భుజాలు లాగుతున్నాయి, చేతులు మాత్రం ఆగలేదు. మిల్లులో అన్నేళ్ళు నిలబడ్డా ఇంత మంచి పని చేసినట్టు ఆవిడకి ఎప్పుడూ అనిపించలేదు.

పన్ను పళ్ళెంలో పడింది, రెండు ముక్కలుగా. మోగలేదు.

దూది కరిచిపట్టుకుని, బొంగరం కుర్చీ దిగి ఆ ముక్కల్ని దగ్గరగా చూసింది. వేలితో పొడిచింది. తర్వాత గది నడుమ నిలబడి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. గౌను గొడుగులా విప్పుకుంది. నర్సు చప్పట్లు కొట్టింది, అల్లుడు మేలుకుని ఎందుకో తెలియకుండానే తనూ కొట్టాడు. కూతురు గోడకి జారబడి నవ్వుతూ ఏడుస్తోంది. ఒక్క చప్పుడు లేదు. పిల్ల నెలల తరబడి ఇలా తిరగలేదని అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి. బయటికి రాగానే వీధిలో హారన్లు భళ్ళున మీదపడ్డాయి.

"ఇల్లు!" అంది బొంగరం దూది పక్కనుంచి. ఆఖరి స్టాపు ఎవరూ మర్చిపోకూడదు.

దవడ వాపు దిగింది. పిల్ల రొట్టెలు లాక్కుంటోంది, తండ్రి కావాలనే నెమ్మదిగా ఇస్తూ పేచీ పెట్టుకుంటున్నాడు. వెనక గదిలోంచి ఆకుపచ్చ కుర్చీ ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. ఓ పాత మంచం, రెండు ట్రంకు పెట్టెలు ఉన్న మామూలు గదైపోయింది. అమ్మమ్మ ఆ తర్వాత తపాలా ఆఫీసులో పొద్దంతా కూర్చుని వచ్చినా అది మామూలు గదిలాగే ఉండిపోయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, మంచం కింద ఊడ్చి వచ్చింది.

ఓ పొద్దున కూతురు డ్యూటీకి బయలుదేరబోతుంటే ఫోను మోగింది. పళ్ళ డాక్టరమ్మ.

"మా గదిలో మళ్ళీ చప్పుళ్ళు వచ్చేశాయండీ. ఇక్కడ ఒక బాబు వచ్చాడు, మీ పాపలాంటివాడే. సింకు కిందే ఉన్నాడు, వాళ్ళమ్మ ఏడుస్తోంది. మీ పాప ఒక్కసారి వచ్చి కాసేపు కూర్చుంటుందేమోనని..."

కూతురు ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. ఈ పిల్లని తీసుకురావద్దని, ఇంకోసారి చూద్దామని, పక్కకి తీసుకెళ్ళమని చెప్పిన గొంతులే ఆమె ఇన్నేళ్ళూ విన్నది. రమ్మని పిలిచిన గొంతు ఇదే మొదటిది.

"ఉండండి, మా అమ్మాయిని అడిగి చెబుతాను" అంది.

అడిగింది. బాబు అంది, సింకు అంది, చప్పుడు అంది. బొంగరం చేతిలో ఉన్న రొట్టె కిందపెట్టి కాసేపు గోడ వైపు చూసింది. తర్వాత వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే, చెప్పులు తొడుక్కుంది. గుమ్మంలో పీట మీద కూర్చుని బొత్తాం కుట్టుకుంటున్న అమ్మమ్మ దారికి అడ్డంగా ఉంది. బొంగరం ఆవిడ వెనక నిలబడి, భుజం మీద రెండుసార్లు తట్టింది.

అమ్మమ్మ చేతిలో సూది ఆగిపోయింది. అది మిల్లు సైగ. షిఫ్టు మారేటప్పుడు కొత్త మనిషి వచ్చి పాత మనిషి భుజం మీద అలాగే తట్టేది: నీ వంతు అయింది, ఇక నేను చూసుకుంటా. మగ్గం ఆపకుండానే ఒకరు పక్కకి జరిగేవారు, ఇంకొకరు ఆ చోట నిలబడేవారు. ఈ సైగ పిల్లకి ఎప్పుడు నేర్పిందో అమ్మమ్మకి ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.

ఆవిడ పీటతో సహా పక్కకి జరిగింది. బొంగరం గుమ్మం దాటి వీధిలోకి నడిచింది, తల్లి విజిలు సర్దుకుంటూ వెనకాల పరిగెత్తింది.